పుంగనూరు సంతలో మా హిస్టరీ క్లాసు

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చి కాళ్లు చాపుకుని కూర్చున్నానో లేదో మా మనవరాలు ఫోన్ చేసింది. ఆ పిల్ల ఒక పెద్ద సైన్సు విద్యాలయంలో చదువుతోంది. అక్కడ గోడలకి కూడా లెక్కలు వచ్చంటారు. ఈ ఏడు వాళ్లకి కొత్తగా ఒక పేపరు పెట్టారట, చరిత్రా సమాజమూ కలిపి. తప్పించుకోవడానికి లేదట. "యంత్రాలు చేసేదానికి వచ్చినోళ్లం, మాకు ఇదంతా యాల అవ్వా?" అని నా మీద విసుక్కుంది, ఆ పేపరు నేనే పెట్టించినట్టు. నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేక ఎంత నవ్వానంటే, ఆ పిల్ల భయపడి పక్కింటివాళ్లని పంపించమంటావా అని అడిగింది. నవ్వింది దాని మాటకి కాదు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో మా కాలేజీ వాళ్లు పుంగనూరు సంతలో వెలగబెట్టిన ఘనకార్యం గుర్తొచ్చి. అది ఫోన్లో చెప్పే సంగతి కాదు గనక, మళ్లీ మాట్లాడతానని పెట్టేసి, చల్లారిపోయిన కాఫీ తాగేసి కాగితం తీసుకున్నాను.

మాది మదనపల్లె. మా నాయన మిషన్ ఆస్పత్రిలో కాంపౌండరు. ఆస్పత్రి వెనకే మా ఇల్లు. మా ఇంట్లో ఇద్దరు దేవుళ్లున్నారని మా అమ్మ ఎగతాళి చేసేది, ఒకరు పరలోకమందున్న తండ్రి, రెండోది సైన్సు. మా నాయన దేన్నీ కొలవకుండా నమ్మేవాడు కాదు. పులుసులో ఉప్పు కూడా మెజరు గ్లాసుతో కొలిచి వెయ్యమంటే, "ఇది పులుసు, నీ మందు మిక్చరు కాదు" అని మా అమ్మ గరిటె చూపించేది. నేను సైన్సు గ్రూపు చదివి, తెల్ల డాక్టరమ్మ మాదిరి మెడలో గొట్టం వేసుకుని అదే ఆస్పత్రి వరండాలో నడవాలని ఆయన ఆశ. నాకేమో కెమిస్ట్రీ పుస్తకం చూస్తేనే జ్వరం. నాకు ఇష్టమైన పని వేరే ఉండేది. మందుల కిటికీ దగ్గర వరసలో నిలబడిన వాళ్లని పలకరించడం. మీది ఏ ఊరు, మీ ఊరికి ఆ పేరెందుకొచ్చింది, మీ ఇంట్లో పెళ్లికి మేనమామ ఏం తేవాలి, ఇలాంటివన్నీ. ఊళ్లోవాళ్ల సోదంతా నీకెందుకే అని మా నాయన మందు సీసాల వెనక నుంచి కేకలేసేవాడు. చివరికి మా అమ్మ ఇల్లు పీకి పందిరేసినంత పని చేసి నన్ను హిస్టరీ గ్రూపులో చేర్పించింది. మా నాయన సంతకమైతే పెట్టాడు గానీ, నాతో చదువు సంగతి మాత్రం మాట్లాడనని పంతం పట్టాడు. ఎదురుగా నేను కూర్చుని ఉండగానే, "పరీక్షలెప్పుడో కనుక్కో" అని మా అమ్మతో అనేవాడు. నేను మా అమ్మతో జవాబు చెప్పేదాన్ని. మా అమ్మ ఇద్దరినీ తిట్టేది.

మా కాలేజీకి సైన్సు కాలేజీ అని పేరు. బోర్డు మీద ఆ మాట లేదు, కానీ గేటు దాటగానే గ్యాసు ప్లాంటు వాసన ఆ సంగతి చెప్పేసేది. మంచి గదులన్నీ లాబరేటరీలు. మా హిస్టరీ గది సైకిల్ స్టాండు పక్కన. వాన వస్తే గ్రూపంతా ఒక్క గొడుగు కింద పట్టేవాళ్లం, అంత మందిమి. అందులో ఆడపిల్లని నేనొక్కదాన్నే. మేం పోతుంటే సైన్సు కుర్రాళ్లు "సచ్చినోళ్లని సదివేవాళ్లు వస్తాండారు" అనేవాళ్లు. అనుకోనీ అని తలెత్తుకుని నడిచేదాన్ని, కానీ ఒళ్లు మండేది.

మా హిస్టరీ మాస్టారిది కుప్పం. మూడు భాషలు కలిసేచోట పుట్టిన మనిషి కాబట్టి, పాఠం తెలుగులో మొదలెట్టి, అరవంలో కోప్పడి, కన్నడంలో బుజ్జగించేవారు. ఆయన పాఠంలో రాజులు చాలా ఆలస్యంగా వచ్చేవాళ్లు. ఉప్పు పన్ను గురించి చెప్పాలంటే ముందు మీ ఇంట్లో ఉప్పు ఎక్కడ పెడతారని అడిగేవారు. ధాతు కరువు గురించి పుస్తకంలో నాలుగు ముక్కలుంటే, మీ అవ్వల్ని అడిగి రండి, ఆ ఏడు ఏం తిని బతికినారో అని పంపించేవారు. గుడుపల్లె నుంచి వచ్చి చదువుకునే అబ్బాయి వాళ్ల అవ్వ చెప్పిన గడ్డల పేర్లు వరసగా చెబుతుంటే, ఆ రోజు మా గదిలో ఎవరూ నవ్వలేదు. ఆయన మాకు పదే పదే చెప్పిన మాట ఒకటే ఉండేది. "ఎవురినైనా ఒక మాట అడిగే ముందు, ఆ మాట వాళ్ల చెవికి ఎట్లా వినబడతాదో నువ్వు ముందు విను."

ఎండలు ముదిరే రోజుల్లో ప్రిన్సిపాల్ మా మాస్టారిని పిలిపించి చెప్పారు. వచ్చే జూన్ నుంచి హిస్టరీ గ్రూపు ఉండకపోవచ్చు, ఇంత కొద్దిమంది కోసం ఒక గదీ ఒక జీతమూ దండగ అని కమిటీ పెద్దలు అనుకుంటున్నారు, కెమిస్ట్రీ వాళ్లకి త్రాసులు పెట్టుకోవడానికి గది కావాలి. వేసవి సెలవుల్లో మీటింగు, అక్కడ తేలుస్తారు. మాస్టారు ఆ కబురు మాకు చెప్పేటప్పుడు ఏ భాషలోనూ కోప్పడలేదు. మగపిల్లలు అనంతపురం పోయి చదువుకుంటారు. నన్ను ఎవరు పంపిస్తారు? నాకు మిగిలింది రెండే దారులు, మళ్లీ మొదటి నుంచి సైన్సు గ్రూపు, లేదంటే ఇల్లు. మా నాయన ఆ సాయంత్రం ప్రార్థన కొంచెం పొడుగ్గా చేశాడు. "దేవుడే దారి సూపించినాడు" అని మా అమ్మతో అన్నాడు, నాకు వినబడేట్టు. ఆ రాత్రి నేను అన్నం తినలేదు. ఆయనకి అది వినబడలేదు.

సరిగ్గా అప్పుడే జువాలజీ మాస్టారికి పుంగనూరు ఆవుల మీద మనసు మళ్లింది. ఆయన భారీ మనిషి, భారీ గొంతు, పసిపిల్లాడి మనసు. మా మాస్టారికి ప్రాణస్నేహితుడు. ఇద్దరూ రోజూ టీ దగ్గర పోట్లాడుకునేవారు. పుంగనూరు ఆవులంత పొట్టి ఆవులు లోకంలో మరెక్కడా లేవని, వాటి ఎత్తూ పాడీ కొలిచి ఏదో పెద్ద పత్రికకి రాస్తే మన కాలేజీ పేరు మారుమోగుతుందని ఆయన ఊహ. పశువుల సంతకి తన కుర్రాళ్లని తీసుకుని బయలుదేరారు. యుద్ధం రోజులు కదా, బస్సు పెట్రోలుతో కాదు, వెనక తగిలించిన బొగ్గు పొయ్యితో నడిచేది. పూర్తి బస్సు మాట్లాడుకుంటే తప్ప రానన్నాడు డ్రైవరు. సీట్లు నిండడానికి మమ్మల్ని కూడా రమ్మన్నారు. మా మాస్టారి భార్య, నేను అక్కా అని పిలిచేదాన్ని, కుప్పంలో అత్తగారికి ఒక ఆవు కొనాలని ఎప్పటినుంచో అంటోంది. ఆవిడ వస్తోంది కాబట్టి మా అమ్మ నన్ను పంపించింది. గట్టు ఎక్కాల్సి వచ్చినప్పుడల్లా బస్సు ఆగిపోయేది. మేం దిగి నడిచేవాళ్లం, బస్సు దగ్గుకుంటూ వెనకాల వచ్చేది.

సంత చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. చింతచెట్ల కింద ఎటు చూసినా ఆవులే. ఒక్కటీ నా నడుము దాటదు, కానీ ఒక్కొక్కదాని చూపు మహారాణి చూపు. కొమ్ములకి రంగులు, మెడలో గవ్వల దండలు. తంబళ్లపల్లె వైపు మెట్ట ఊళ్ల నుంచి రాత్రంతా నడిపించుకుని వచ్చిన వాళ్లు సంగటి ముద్దలు విప్పుకుని తింటున్నారు. మా మాస్టారూ అక్కా నేనూ ఆవు కోసం ఆ చివరికి వెళ్లాం. ఈ చివర జువాలజీ వాళ్లు పని మొదలుపెట్టారు. ఎలా మొదలుపెట్టారో వినండి. మంచి బట్టలు పేడలో పాడవుతాయని వాళ్ల మాస్టారే కుర్రాళ్లని డ్రిల్లు బట్టల్లో రమ్మన్నారు. అంటే అందరూ ఖాకీ. ఇద్దరు టేపు పట్టి ఆవు ఎత్తు కొలుస్తారు, ఒకడు పూటకి ఎన్ని పాలిస్తుందని అడిగి రాసుకుంటాడు. కొలిచిన ఆవునే మళ్లీ కొలవకుండా ఇంకొకడు దాని వీపు మీద సుద్దముక్కతో అంకె వేస్తాడు. సైన్సు ప్రకారం వంక పెట్టడానికి లేని పద్ధతి. యుద్ధం జరుగుతుండగా, ఖాకీ వేసుకున్నవాళ్లు వచ్చి, ఆవుని కొలిచి, పాలెన్ని అని అడిగి, వీపు మీద నంబరు వేస్తే చూసేవాడికి ఏమనిపిస్తుంది? ఆ ఆలోచన వాళ్లలో ఒక్కడికి కూడా రాలేదు.

మిలిటరీ వాళ్లు ఆవుల్ని పట్టుకపోతాండారన్న మాట చెట్టు నుంచి చెట్టుకి పాకింది. పలుపులు విప్పుతున్నారు, పిల్లల్ని చంకనేసుకుంటున్నారు, వచ్చిన దారినే ఆవుల్ని తోలేస్తున్నారు. చూస్తుండగానే సంత సగం ఖాళీ. ఇక దళారులు ఊరుకుంటారా, ఆ రోజు బేరాలన్నీ మట్టిలో కలిసినట్టే కదా. కర్రలతో వచ్చి జువాలజీ మాస్టారి చుట్టూ మూగారు, టేపు లాక్కున్నారు. ఒక పెద్దాయన ఆయన ముఖంలోకి చూస్తూ నిదానంగా అడిగాడు. "నంబర్లేసినాక యాడికి తోలుకపోతారప్పా?" మా జువాలజీ మాస్టారు, పాపం, ధైర్యం చెబుదామనుకుని తన భారీ గొంతుతో, భయపడకండి, ఈ లెక్కలన్నీ జాగ్రత్తగా పైకి పంపిస్తాం అన్నారు. కొరివితో తల గోక్కోవడమంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది. జనం ఇంకా దగ్గరికి జరిగారు.

మేం పరుగెత్తుకుంటూ వచ్చేసరికి పరిస్థితి అదీ. మా మాస్టారు ముందు స్నేహితుడి చెయ్యి పట్టుకుని, ఒక గంటసేపు మీరు నోరు తెరవొద్దండీ అన్నారు. ఆ తర్వాత కుర్రాళ్లని చొక్కాలు విప్పమన్నారు. వాళ్లు తెల్లమొహాలు వేశారు, కొందరికి లోపల బనీన్లు కూడా లేవు. అయినా విప్పారు. ఖాకీ పోయాక చూస్తే పక్కటెముకలు కనబడే పిల్లలు, ఎవరింట్లోనైనా ఉండేవాళ్లే. జనంలో ఒకావిడ కిసుక్కున నవ్వింది. అప్పుడు మాస్టారు నేల మీద కూర్చుని, తప్పు జరిగిపోయిందని తనే చెప్పారు. మేం సదువు సెప్పేవాళ్లం, దండు వాళ్లం కాదు, అంకెలు మేమే తుడిచేస్తామన్నారు. కుర్రాళ్లు తడిగుడ్డలతో ఆవుల వీపులు తుడుస్తుంటే, అక్క తన కుంకుమ భరిణె తీసి నా చేతికిచ్చి, తుడిచిన ఆవుకల్లా దిష్టి పోయేట్టు నుదుట బొట్టు పెడుతూ వచ్చింది. మిషన్ కాంపౌండరు కూతురు కుంకుమ భరిణె పట్టుకుని ఆవుల వెంట తిరిగిందని మా నాయనకి తెలియనే తెలియదు.

అయినా పెద్దాయన ముఖంలో అనుమానం పోలేదు. అప్పుడు మా మాస్టారు భార్య వైపు తిరిగి, నువ్వు చూసిన ఆవు బేరం ఇప్పుడు చెయ్యి అన్నారు. ఆ మాట నాకు ఆ క్షణంలో అర్థం కాలేదు, తర్వాత అర్థమై ఎంత మురిసిపోయానో. పట్టుకుపోవడానికి వచ్చినవాడు బేరం చెయ్యడు కదా! ఆ సంతల్లో బేరం నోటితో జరగదు. ఇద్దరి చేతుల మీద తుండుగుడ్డ కప్పి, లోపల వేళ్లు పట్టుకుని ధర చెప్పుకుంటారు, పక్కవాడికి తెలియకుండా. ఆడమనిషి దళారి చెయ్యి పట్టుకోదు కనక మా మాస్టారు గుడ్డ కింద చెయ్యి పెట్టారు. ఎదురుగా అక్క నిలబడి, గుడ్డ కదలికని బట్టి ధర పోల్చుకుంటూ, కళ్లతో బేరం నడిపించింది. కళ్లు పెద్దవి చేస్తే ఎక్కువైందని, మూస్తే ఒప్పుకోమని. మాస్టారు ఒక చోట తొందరపడితే ఆవిడ చూసిన చూపుకి ఆయన వేలు గుడ్డ కింద వెనక్కి పోయింది. దళారికి అది తెలిసి పగలబడి నవ్వాడు. బేరం నీతో కాదప్పా, ఆయమ్మతోనే అన్నాడు. పెద్దాయన కూడా నవ్వాడు. వెళ్లిపోతున్న ఆవులు దారిలో ఆగాయి, కొన్ని వెనక్కి వచ్చాయి.

టేపు కూడా తిరిగి ఇచ్చేశారు గానీ, ఇప్పుడు జువాలజీ మాస్టారికి దాన్ని ముట్టుకోవాలంటే భయం. వచ్చిన పని గంగలో కలిసినట్టేనని ముఖం వేలాడేసుకుని కూర్చున్నారు. నేను అక్కడే రెండు ఆవులతో కూర్చున్న ఒక అవ్వ పక్కన చేరాను. తంబళ్లపల్లె దగ్గర ఊరట. ఆమెకి ఆవుల గురించి మాట్లాడడమంటే ఎంత ఇష్టమో. పెద్దావు పేరు, దాని తల్లి పేరు, ఆ తల్లిని పుట్టింటి నుంచి ఎలా తెచ్చుకుందో అన్నీ చెప్పింది. పాలెన్ని ఇస్తాదని మాత్రం అడగొద్దంది. లెక్క పైకి సెప్తే పొదుగు ఎండిపోతాదట. నాకు మా మాస్టారి మాట గుర్తొచ్చి, లెక్క వద్దులే గానీ, పాలు ఎవరెవరు తాగుతారవ్వా అన్నాను. అడిగిందే తడవు, ఆమె ముఖం విప్పారింది.

"పెద్దోడి బిడ్డలిద్దురికీ సెరొక గళాసు. మా ముసిలాయనకి సంగట్లేకి గిన్నెడు. కోడలు పిల్ల ముంతనిండా తోడేస్తాది. పిల్లి కూడా ఉండాది తల్లీ, దాని ఉసురు మనకెందుకని దానికీ పోస్తాము."

మా వెనకాల నోరు మూసుకుని కూర్చున్న జువాలజీ మాస్టారు గబగబా లెక్క కట్టుకుంటున్నారు. ఉండబట్టలేక నా చెవి దగ్గర వంగి, పిల్లికి ఎంతో అడుగు అన్నారు.

ఇక ఎత్తు సంగతి. ఆవు ఎంత ఎత్తని అడిగితే ఎవరూ చెప్పరు, కానీ మీ ఆవు మీకు ఎంతవరకు వస్తాదప్పా అని మా మాస్టారు అడిగేసరికి, ప్రతివాడూ లేచి ఆవు పక్కన నిలబడి తన తొడ మీదో నడుము మీదో చెయ్యి పెట్టి, ఇదో ఈడికి అని మొనగాడిలా చూపించాడు. అప్పుడు ఆయన స్నేహితుడి టేపు తీసి ఆవుని వదిలేసి మనిషిని కొలిచారు. మడమ నుంచి ఆ చెయ్యి దాకా. మనిషిని కొలిస్తే దిష్టి తగలదా అని నేను అడిగితే, మనుషులకి మన మదనపల్లెలో దర్జీలు అలవాటు చేసేసినారమ్మా అన్నారు. సాయంత్రానికి జనమే వరసలో నిలబడ్డారు. నన్ను కొలువు, నన్ను కొలువు అని ఒకటే తోపులాట. చొక్కాల్లేని సైన్సు కుర్రాళ్లు మోకాళ్ల మీద కూర్చుని రైతుల తొడలు కొలుస్తుంటే, మేం హిస్టరీ వాళ్లం ఆవుల పుట్టింటి కథలు రాసుకున్నాం. నన్ను ఎగతాళి చేసే కుర్రాడొకడు నా దగ్గరికి వచ్చి, వాళ్లని ఎట్లా అడగల్లో కొంచెం సెప్పవా అన్నాడు. పాపం పోనీలే అని చెప్పాను. కాస్త బతిమాలించుకున్నాననుకోండి.

కొన్న ఆవుని బొగ్గు బస్సులో వెనక సీట్ల మధ్య నిలబెట్టాం. అంత పొట్టిది. కండక్టరు దానికి టికెట్టు కొట్టాలా వద్దా అని మదనపల్లె దాకా ఆలోచిస్తూనే ఉన్నాడు. తర్వాత అది కుప్పం చేరి, ఆ ఇంట్లో మూడు భాషల్లో పిలిచినా పలికేదట.

సెలవులొచ్చాయి. మాస్టారూ అక్కా కుప్పం వెళ్లిపోయారు. కమిటీ మీటింగు రోజు నేను ఇంట్లో ఒక చోట నిలవలేకపోయాను. మా నాయన ఆస్పత్రి నుంచి రెండుసార్లు ఊరికే వచ్చి వెళ్లాడు. ఆ మీటింగులో ఏం జరిగిందో నాకు తర్వాత ప్రిన్సిపాల్ గుమాస్తా చెప్పాడు. జువాలజీ మాస్టారిని ఎవరూ పిలవలేదు. ఆయనే తలుపు తోసుకుని వెళ్లి, తన వ్యాసం బల్ల మీద పెట్టి, ఇందులో ఉన్న ప్రతి కొలతా హిస్టరీ గ్రూపు పెట్టిన భిక్ష, వాళ్లు లేకపోతే నేను ఒళ్లంతా కట్లతో మిషన్ ఆస్పత్రిలో ఉండేవాణ్ణి అన్నారట. పెద్దలు నవ్వారు గానీ, గది మాత్రం త్రాసులకే అన్నారు. గది లేకుండా గ్రూపు ఎలా నడుస్తుందని అడిగారు. నా హాల్లో సగం తీసుకోండి అన్నారాయన. అంతేకాదు, తన కుర్రాళ్లు కూడా వారానికి ఒక గంట ఆ మాస్టారి ముందు కూర్చుంటారని, అది తన షరతని చెప్పి, పెద్దల చేత సరేననిపించుకుని వచ్చేశారు. ఆ సాయంత్రమే మా ఇంటికొచ్చి మా నాయనకి సంగతంతా చెప్పారు. మర్నాడు మండుటెండలో కుప్పం రైలు పట్టుకుని, స్నేహితుడికి నోటితో చెప్పడానికి పోయారు. కబురు విని మా మాస్టారు ఆవుకి గడ్డి వేస్తూనే ఉండిపోయారని, ఎంత గడ్డి వేశారో ఆయనకే తెలియలేదని అక్క చెప్పింది.

మా నాయన మాత్రం సరేననలేదు, కాదనలేదు. జూన్ వచ్చింది. కాలేజీ తెరిచే రోజు పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని, పదమ్మా అన్నాడు. ఎక్కడికో చెప్పలేదు. ఫీజు కట్టడానికో, గ్రూపు మార్పించడానికో తెలియక, ఆయన వెనకే నడిచాను. ఆయన తిన్నగా జువాలజీ హాలు గుమ్మం దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. లోపల సీసాల్లో పాములు, మూల మనిషి అస్థిపంజరం, గోడ మీద గుండెకాయ పటం. వాటి మధ్య మా నాలుగు బెంచీలు, ఒక నల్లబల్ల, దాన్ని పంచె కొంగుతో తుడుచుకుంటున్న మా మాస్టారు. ఫార్మలిన్ వాసన గుప్పున కొట్టింది. మా నాయన ఆ వాసన ఆస్వాదిస్తూ చాలాసేపు అన్నీ చూశాడు. ఏడాదిలో మొదటిసారి చదువు గురించి నాతో నేరుగా మాట్లాడాడు.

"ఎట్లయితేనేం, సైన్సు రూములోనే గదమ్మా కూచుంటాండావు."

అని, తన మాటకి తనే నవ్వేశాడు. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. పోయి ఫీజు కట్టేసి వచ్చాడు. ఆ తర్వాత ఆస్పత్రిలో ఎవరడిగినా మా బిడ్డ సైన్సు హాల్లో హిస్టరీ చదువుతాండాది అని గొప్పగా చెప్పుకునేవాడు. ఆ చదువే నాకు బతుకుదెరువైంది. మదనపల్లెలో కొన్నాళ్లు, కుప్పంలో చాలా ఏళ్లు ఆడపిల్లలకి చరిత్ర చెప్పాను. ఇప్పుడు వయసు మీద పడి తేదీలన్నీ ఒకదాని మీద ఒకటి పడిపోతున్నాయి. చరిత్ర టీచరు ఒప్పుకోవాల్సిన మాట కాదనుకోండి. అయినా మా నాయన ఆ గుమ్మంలో నిలబడి నవ్విన ఉదయం మాత్రం నాకు నిన్నటి రోజుకన్నా దగ్గరగా ఉంది.